చీటీలో 3,292, ఫోనులో 3,315: కంట్రోలర్లు, మోడళ్లు, ఒక చీనీ మండీ

అనంతపురంలోని ఒక చీనీకాయల (బత్తాయి) మండీకి లెక్కల సాఫ్ట్‌వేర్ రాసిచ్చి, నాలుగేళ్లుగా దాని మంచిచెడ్డలు నేనే చూసుకుంటున్నాను. రైతు కాయ తెస్తాడు, తూకం వేస్తారు, కుప్పకు లాటు నంబరు ఇస్తారు, వేలం పాడతారు, ధర తెగుతుంది, చీటీ చేతికిస్తారు, డబ్బు అప్పుడో ఆ తరువాతో చెల్లిస్తారు. ఈ వరుసంతా లారావెల్ అనే పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్ (వెబ్ సాఫ్ట్‌వేర్ కట్టడానికి ముందే సిద్ధం చేసిపెట్టిన చట్రం) మీద నడుస్తోంది. ఇందులో డేటానూ దాని నియమాలనూ మోసే కోడ్ మోడల్, తెర మీద చూపేది వ్యూ, వాడేవారు అడిగింది అందుకుని ఆ రెండింటినీ కలిపేది కంట్రోలర్. ఈ కంట్రోలర్ అనేది మోడల్‌లోని డేటాను ఎలా అందుకోవాలన్న విషయంలో నేను చేసిన పొరపాట్లను, దిద్దుబాట్లను ఒకచోట రాసిపెట్టాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఫ్రేమ్‌వర్క్‌ల డాక్యుమెంటేషన్‌లో ఈ అంశం సాధారణంగా ఒక పేజీలో ముగిసిపోతుంది: మోడల్ పేరు రాయండి, డేటాబేస్ టేబుల్‌లోని అన్ని వరుసలూ తెచ్చుకోండి, వ్యూకు పంపండి. మూడు వరుసల కోడ్. ఆ మూడు వరుసలు పని చేస్తాయి కూడా. ఇబ్బంది అంతా నాలుగో వరుస నుంచి మొదలవుతుంది.

రెండో ఏడాది వేసవిలో నార్పల వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన మండీ గదిలో నా ఎదుట నిలబడి, ఒక చేత్తో చీటీని, మరో చేత్తో ఫోనును బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. "ఏం సామీ, మీ చీటీ ఒకటి చెప్తాది, మీ ఫోను ఇంకొకటి చెప్తాది. దేన్ని నమ్మల్ల?" అన్నాడు. తెచ్చిన కాయ 3,465 కిలోలు. చీటీలో నికర తూకం 3,292 కిలోలని ఉంది. మేము పంపిన మెసేజ్‌లో 3,315 కిలోలని ఉంది. తేడా 23 కిలోలు. ఆ రోజు ఆయన కాయకు టన్నుకు 22 వేల రూపాయల ధర తెగింది కాబట్టి ఆ తేడా విలువ 506 రూపాయలు. ఆయన గొంతు పెంచలేదు. అలా పెంచకపోవడమే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది.

తేడా ఎక్కడిదో చెప్పాలంటే ముందు సూటు గురించి చెప్పాలి. చీనీ వ్యాపారంలో కాయ దెబ్బతినడం, ఎండిపోవడం వంటి కారణాలు చూపి టన్నుకు ఇన్ని కిలోలని తూకంలో కొంత తీసేస్తారు. మిగతా పంటల్లో తరుగు అనేదాన్నే మా వైపు చీనీ దగ్గర సూటు అంటారు. అది న్యాయమా కాదా అంటే, కాదనే నా అభిప్రాయం. అయితే సాఫ్ట్‌వేర్ రాసేవాడి అభిప్రాయాన్ని బట్టి మండీ నడవదు. అప్పట్లో ఈ మండీలో టన్నుకు 50 కిలోల సూటు ఉండేది. చీటీ ముద్రించే కంట్రోలర్‌లో నేను మొత్తం తూకం మీద ఆ దామాషాలో సూటు లెక్కకట్టాను: 3,465 కిలోలకు 173.25 కిలోలు, దాన్ని దగ్గరి కిలోకు సరిచేస్తే 173. నాలుగు నెలల తరువాత, మండీ యజమాని రైతులకు మెసేజ్‌లు పంపే సదుపాయం అడిగినప్పుడు, ఆ పనికి మరో కంట్రోలర్ రాశాను. అందులో నిండు టన్నులకు మాత్రమే సూటు తీశాను: మూడు టన్నులకు 150 కిలోలు. రెండు లెక్కలూ నా చేతివే. రెండూ రాసినప్పుడు నా దృష్టిలో అవే సరైనవి. లాటు మోడల్ నుంచి మొత్తం తూకం అనే కాలమ్‌ను బయటికి తీసి, దానితో ఏం చేయాలో ప్రతి కంట్రోలర్ తనంతట తాను నిర్ణయించుకుంది. ఆ స్వేచ్ఛను దానికి ఇచ్చింది నేనే.

ఈ సందర్భంలో మోడల్, వ్యూ, కంట్రోలర్ అనే విభజన ఎక్కడి నుంచి వచ్చిందో ఒక్కసారి చూడటం మంచిది. నార్వేకు చెందిన ట్రిగ్వే రీన్‌స్కౌగ్ కాలిఫోర్నియాలోని జిరాక్స్ పార్క్ పరిశోధన కేంద్రంలో స్మాల్‌టాక్ అనే ప్రోగ్రామింగ్ భాష మీద పని చేస్తూ, 1979లో ఈ ఆలోచనను కాగితం మీద పెట్టాడు. ఆ ఏడాది మే నెలలో రాసిన పత్రంలో ఎడిటర్ అనే మాట ఉండేది. డిసెంబరు నాటికి మోడళ్లు, వ్యూలు, కంట్రోలర్లు అనే పేర్లు స్థిరపడ్డాయి. ఆ కంట్రోలర్‌కు బ్రౌజర్ తెలియదు, అది పంపే రిక్వెస్ట్ తెలియదు. కీబోర్డు, మౌస్ ద్వారా మనిషి చెప్పేది విని, ముందుకు పంపడం దాని పని. పావు శతాబ్దం గడిచాక, 2004లో రూబీ ఆన్ రైల్స్, 2005లో కేక్‌పీహెచ్‌పీ, జాంగో, 2006లో కోడ్‌ఇగ్నైటర్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లు వచ్చి ఆ మాటలను వెబ్‌కు తగిలించాయి. జాంగో రాసినవారు మాత్రం మనం కంట్రోలర్ అనేదాన్ని వ్యూ అనీ, మనం వ్యూ అనేదాన్ని టెంప్లేట్ అనీ పిలిచారు. ఆ కారణంగా రెండు ఫ్రేమ్‌వర్క్‌లలో పని చేసేవారు ఒకరి మాట ఒకరికి అర్థంకాక కాసేపు తడబడటం నేను చాలాసార్లు చూశాను. పేర్లు ఎలా మారినా మోడల్ అంటే మాత్రం వ్యాపారానికి సంబంధించిన జ్ఞానం ఉండే చోటు అన్నది మొదటి నుంచీ మారలేదు. దాన్ని డేటాబేస్ టేబుల్‌కు ముసుగుగా కుదించింది మనమే.

ఇక కంట్రోలర్ మోడల్‌ను చేరుకునే దారులు. కోడ్‌ఇగ్నైటర్ పాత వెర్షన్లలో కంట్రోలర్ లోపల మోడల్‌ను పేరు చెప్పి లోడ్ చేయించుకోవాలి. లోడ్ చేశాక అది కంట్రోలర్‌కే ఒక గుణంగా అంటుకుంటుంది. కేక్‌పీహెచ్‌పీ ఇంకా చనువు తీసుకుంటుంది: కంట్రోలర్ పేరును చూసి అదే పేరున్న మోడల్‌ను తనే అందుబాటులో ఉంచుతుంది, వేరే మోడల్ కావాలంటే ప్రత్యేకంగా అడగాలి. లారావెల్, రైల్స్, జాంగోలలో మోడల్ క్లాస్ పేరు రాసి నేరుగా దాన్నే ప్రశ్నించవచ్చు. ఏఎస్‌పీ డాట్ నెట్ కోర్‌లో డేటాబేస్‌తో మాట్లాడే వస్తువును కంట్రోలర్ తన కన్‌స్ట్రక్టర్‌లో, అంటే తాను తయారయ్యేటప్పుడు నడిచే కోడ్‌లో, కోరుకుంటుంది, ఫ్రేమ్‌వర్క్ దాన్ని తెచ్చి చేతికిస్తుంది. ఆ వస్తువు మామూలుగా ఒక్కో రిక్వెస్ట్‌కు ఒకటి చొప్పున పుట్టి, ఆ రిక్వెస్ట్‌తోనే పోతుంది. టెస్టులు రాయడానికి ఈ చివరి పద్ధతి సుఖంగా ఉంటుందన్నది నిజం. అయితే ఏ దారి మేలన్న వాదనలో నేను గడిపిన గంటల్లో సగమైనా, చేరుకున్నాక మోడల్‌ను ఏమని అడుగుతున్నానో ఆలోచించి ఉంటే పెద్దాయన ముందు తల వంచుకునే అవసరం వచ్చేది కాదు.

పేర్ల విషయంలో ఒక చిన్న పిట్టకథ. లారావెల్ మోడల్ పేరుకు ఇంగ్లిష్ బహువచనం చేసి అదే టేబుల్ పేరు అనుకుంటుంది. నేను రైతు అని మోడల్ పెట్టుకుంటే, అది 'రైతుస్' అనే టేబుల్ కోసం వెతికి, లేదని ఎర్ర తెర చూపింది. టేబుల్ పేరును మోడల్‌లో ఒక వరుసలో చెప్పేస్తే సరిపోతుంది, చెప్పాను కూడా. కానీ మండీలో వాడే మాటలతోనే మోడళ్లకు పేర్లు పెట్టాలన్న పట్టుదలను మాత్రం వదులుకోలేదు. లాటు, రైతు, చీటీ, సూటు, చెల్లింపు. గుమాస్తా వచ్చి "సూటు లెక్క తప్పు వస్తోంది" అంటే, ఫైళ్లలో సూటు అని వెతికితే దొరకాలి. 'డిడక్షన్ ఫ్యాక్టర్' అని పెట్టుకుంటే ఆరు నెలల తరువాత నాకే దొరకదు.

పెద్దాయనకు చీటీ ప్రకారం ఇచ్చారా, మెసేజ్ ప్రకారం ఇచ్చారా అని అడగాలనిపించవచ్చు. యజమాని ఎక్కువ వచ్చే లెక్కనే ఇచ్చి పంపించారు. ఆయన వెళ్లిపోయాక నా వైపు తిరిగి, "సార్, నేను రోజుకో రైతుకు ఐదొందలు ఇచ్చుకుంటా పోలేను" అన్నారు. ఆ సాయంత్రం సూటు అనే మాట కోసం కోడ్ అంతా వెతికితే తొమ్మిది చోట్ల దొరికింది. తొమ్మిదింటిలో ఆరు ఒక తీరు, రెండు ఒక తీరు, మిగిలిన ఒక్కదానిలో నేను 50 అనే సంఖ్య బదులు 5 శాతం అని రాసుకున్నాను. మండీలో నడిచే పద్ధతి దామాషాదేనని గుమాస్తాను అడిగి నిర్ధారించుకుని, తొమ్మిదింటినీ తీసేసి, లాటు మోడల్‌లో నికర తూకం అనే ఒక్క మెథడ్ (పేరు పెట్టి పిలవగలిగే కోడ్ ముక్క) రాశాను. ఇప్పుడు చీటీ కంట్రోలర్ లాటును తెచ్చుకుని, నీ నికర తూకం ఎంత అని అడుగుతుంది. మెసేజ్ కంట్రోలరూ అదే అడుగుతుంది. మొత్తం తూకం అనే కాలమ్, సూటు రేటు అనే సంఖ్య ఉన్నాయన్న సంగతే ఆ రెండింటికీ అవసరం లేదు.

ఇంతటితో పని ముగిసిందని సంబరపడ్డాను. ముగియలేదు. కొన్ని నెలలకు మండీవారు సూటును టన్నుకు 50 నుంచి 40 కిలోలకు తగ్గించారు. ఒక్కచోట మార్చాను, అన్నిచోట్లా మారింది, గొప్పగా అనిపించింది. వారం తరువాత ఎవరో పాత చీటీ పోయిందని మళ్లీ ముద్రించమంటే, గుమాస్తా ముద్రించాడు. పాత లాటుకు కొత్త సూటు పడింది. నార్పల పెద్దాయన లాటునే తీసి పరీక్షిస్తే 3,292 కిలోలు కాస్తా 3,326 కిలోలయ్యాయి. అంటే లెక్కను ఒకచోటికి చేర్చడం సగం పని మాత్రమే. ఏ రోజు లెక్క ఆ రోజుదిగా నిలిచిపోవడం మిగతా సగం. అందుకని ధర తెగిన క్షణాన జరిగే పనికి లాటు మోడల్‌లో మరో మెథడ్ పెట్టాను. కొనుగోలుదారు ఎవరో, ధర ఎంతో కంట్రోలర్ దానికి చెబుతుంది. మోడల్ ఆనాటి సూటును, దాని ప్రకారం వచ్చిన నికర తూకాన్ని అదే వరుసలో రాసేసి, ఇక కదలకుండా ముద్ర వేస్తుంది. ముద్రపడిన లాటును నికర తూకం అడిగితే రాసి ఉన్నదే చెబుతుంది, మళ్లీ లెక్కకట్టదు. ఈ మార్పు చేసిన రోజు ఒక్క కంట్రోలర్‌నూ ముట్టుకోవాల్సిన అవసరం రాలేదు. ప్రశ్న మారలేదు, జవాబు చెప్పే పద్ధతి మాత్రమే మారింది. తొమ్మిది చోట్ల లెక్క ఉన్న రోజుల్లోనే ఈ అవసరం వచ్చి ఉంటే ఏమై ఉండేదో ఊహించుకోవడానికి నాకు ఇష్టం లేదు.

వరుసలను ఎంచుకునే షరతుల సంగతీ ఇలాంటిదే. బాకీ ఉన్న లాటు అంటే ఏమిటి? ధర తెగి ఉండాలి, చెల్లింపు తేదీ ఖాళీగా ఉండాలి. మొదట్లో ఈ రెండు షరతులనూ ప్రతి కంట్రోలర్‌లో విడివిడిగా రాశాను. తరువాత రద్దు అనే సదుపాయం వచ్చింది. కొన్నవాడు కాయ దింపుకోకుండా వెనక్కి పోతే ఆ వేలం రద్దవుతుంది. ఇప్పుడు బాకీ అంటే రద్దు కానిదై కూడా ఉండాలి. ఈ మూడో షరతును కొన్ని కంట్రోలర్లలో చేర్చాను, కొన్నింటిలో మరిచాను. ఫలితంగా యజమాని తెర మీద బాకీ ఒక మొత్తం, గుమాస్తా తెర మీద మరో మొత్తం. లారావెల్‌లోనూ రైల్స్‌లోనూ ఇటువంటి షరతుల మూటకు మోడల్‌లో ఒక పేరు పెట్టుకునే వీలుంది, దాన్ని స్కోప్ అంటారు. జాంగోలో మేనేజర్ ద్వారా అదే పని చేస్తారు. 'బాకీ ఉన్నవి' అని పేరు పెట్టాక, కంట్రోలర్‌లో లాటు, బాకీ ఉన్నవి, ఈ రైతువి అని వరుసగా చదువుకోవచ్చు. కోడ్ చదువుతుంటే గుమాస్తా మాట విన్నట్టే ఉంటుంది.

అయితే అన్నింటినీ మోడల్‌లోకి తోసేయమని నేను అనడం లేదు. బాకీల పేజీ ఒకసారి విపరీతంగా నెమ్మదించింది. సీజన్ జోరు మీద ఉన్నప్పుడు తెర మీద 140 లాటులు కనిపించేవి. ఒక్కో లాటు పక్కన రైతు పేరు, ఆయన ఊరు. లాటులను తేవడానికి ఒక క్వెరీ, అంటే డేటాబేస్‌ను అడిగే ఒక ప్రశ్న. టెంప్లేట్ ఒక్కో వరుసను గీస్తూ రైతు పేరు అడిగిన ప్రతిసారీ మోడల్ నిశ్శబ్దంగా డేటాబేస్ దగ్గరికి పోయి రావడం వల్ల 140 క్వెరీలు. ఊరు మరో టేబుల్‌లో ఉంది కాబట్టి ఇంకో 140. వెరసి ఒక్క పేజీకి 281 క్వెరీలు. మోడల్ ఎంత మర్యాదగా అడిగినదల్లా తెచ్చిపెడుతుందో, అంత ఖర్చును మన కంటికి కనబడకుండా దాచేస్తుంది కూడా. లాటులను తెచ్చేటప్పుడే రైతులను, ఊళ్లను కూడా కలిపి తెమ్మని కంట్రోలర్‌లో ముందుగా చెబితే అవి మూడు క్వెరీలకు దిగాయి. లారావెల్‌లో దీనికి 'విత్' అనే మెథడ్, రైల్స్‌లో 'ఇన్‌క్లూడ్స్' ఉన్నాయి. జాంగోలో 'సెలెక్ట్ రిలేటెడ్' టేబుళ్లను జాయిన్ చేసి ఒకే క్వెరీలో తెస్తుంది, 'ప్రీఫెచ్ రిలేటెడ్' విడి క్వెరీలో తెచ్చి జతచేస్తుంది.

ఈ 'విత్' మాట ఎక్కడ ఉండాలన్న దాని మీద నా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడితో కాసేపు వాదన జరిగింది. "అన్నా, దాన్ని కూడా మోడల్‌లో ఎప్పటికీ ఉండేటట్లు పెట్టేస్తే పోలేదా?" అన్నాడు. పెట్టవచ్చు, లారావెల్ ఒప్పుకుంటుంది. కానీ మెసేజ్‌లు పంపే పనికి ఊరు అక్కర్లేదు, రోజు మొత్తం తూకం చూపే పేజీకి రైతే అక్కర్లేదు. తెర మీద ఏది కనబడాలో తెలిసింది కంట్రోలర్‌కు. కాబట్టి వెంట ఏమేమి తేవాలో చెప్పే పని దానికే వదిలాను. బాకీ అంటే ఏమిటో మండీకి సంబంధించిన సంగతి, అది మోడల్‌ది. ఈ పేజీకి ఊరి పేరు కావాలన్నది పేజీకి సంబంధించిన సంగతి, అది కంట్రోలర్‌ది. ఈ గీత నాకు ఇప్పటికీ పనికొస్తోంది. దీనితోపాటు, ముందుగా చెప్పకుండా సంబంధిత వరుసల కోసం డేటాబేస్‌కు వెళ్తే అక్కడికక్కడే లోపం చూపే సెట్టింగ్ లారావెల్‌లో ఉంది. దాన్ని నా కంప్యూటర్‌లో ఎప్పుడూ ఆన్ చేసి ఉంచుతాను, మండీ సర్వర్‌లో ఉంచను. వేలం నడుస్తుండగా పేజీ నెమ్మదిస్తే తిట్లతో పోతుంది, ఆగిపోతే పోదు.

రైతులు ఫోనులోనే తమ చీటీలు చూసుకునే పేజీ తెరిచినప్పుడు మరో ప్రశ్న ఎదురైంది. చిరునామా చివర లాటు నంబరు ఉండేది. కంట్రోలర్ ఆ నంబరు తీసుకుని, 'ఫైండ్ ఆర్ ఫెయిల్' అనే మెథడ్‌తో లాటును తెచ్చేది, లేకపోతే దొరకలేదని చెప్పే 404 పేజీ చూపేది. పద్ధతిగానే ఉంది కదా అనిపిస్తుంది. ఒక రైతు కొడుకు, చదువుకుంటున్న పిల్లవాడు, చిరునామాలో 1041ని 1042గా మార్చి చూశాడు. పక్క ఊరివాళ్ల చీటీ, ధరతో సహా తెరుచుకుంది. చీనీ ధర ఎవరికి ఎంత తెగిందన్నది ఊళ్లో చిన్న విషయం కాదు. దిద్దుబాటు ఒక్క వరుసే: మొత్తం లాటుల్లో 1042 ఏదని అడగకుండా, లాగిన్ అయి ఉన్న ఈ రైతు లాటుల్లో 1042 ఏదని అడగాలి. రైతు మోడల్ నుంచి మొదలుపెట్టి సంబంధం ద్వారా లాటుకు చేరితే, తనది కానిది అసలు దొరకదు, 404 దానంతట అదే వస్తుంది. తెచ్చాక ఇది నీదేనా అని విడిగా తనిఖీ చేయడం కూడా దారే, కానీ తనిఖీని మరిచిపోవచ్చు. ఎక్కడి నుంచి వెతకడం మొదలుపెట్టామన్నది మరిచిపోయే వస్తువు కాదు.

ఇంతవరకూ చదవడం గురించి చెప్పాను. రాయడంలో ప్రమాదం ఎక్కువ. ఫామ్‌లో వచ్చిందంతా తీసుకుని ఒక్క దెబ్బకు మోడల్‌కు అప్పగించే సౌకర్యం ఈ ఫ్రేమ్‌వర్క్‌లన్నింటిలో ఏదో రూపంలో ఉంది. పది కాలమ్‌లకు పది వరుసలు రాయనక్కర్లేదు కాబట్టి అందరికీ ఇష్టం. ఫామ్‌లో ఏముందో నిర్ణయించేది మనం కాదు, పంపేవాడు. బ్రౌజర్‌లో ఒక గడి అదనంగా చేర్చి, చెల్లింపు తేదీ అని పేరు పెట్టి పంపితే, అడ్డు లేని మోడల్ దాన్నీ రాసుకుంటుంది. ఇది ఊహ కాదు. 2012 మార్చిలో యెగోర్ హోమకోవ్ అనే ప్రోగ్రామర్ సరిగ్గా ఈ లోపాన్నే వాడుకుని, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైటులో తన డిజిటల్ తాళం చెవిని రైల్స్ బృందం ఖాతాకు చేర్చి, ఆ బృందపు కోడ్‌లోకే మార్పు పంపించి చూపించాడు. గిట్‌హబ్ నడుస్తున్నదే రైల్స్ మీద. అంతకుముందు అతను ఈ ప్రమాదాన్ని చెబితే పెద్దగా పట్టించుకోలేదు. 2013లో వచ్చిన రైల్స్ నాలుగో వెర్షన్‌లో, ఫామ్ నుంచి ఏయే పేర్లను అనుమతించాలో కంట్రోలర్‌లోనే స్పష్టంగా చెప్పి తీరాలన్న పద్ధతి వచ్చింది. లారావెల్‌లో నింపదగిన కాలమ్‌ల జాబితాను మోడల్‌లో రాస్తాం. నేను రెండూ చేస్తాను: మోడల్‌లో జాబితా, కంట్రోలర్‌లో వ్యాలిడేషన్ (సరైనవా కాదా అన్న తనిఖీ) దాటిన విలువలు మాత్రమే. చెల్లింపు తేదీ, ముద్రపడిన నికర తూకం మాత్రం ఆ జాబితాలో ఎన్నటికీ ఉండవు. వాటిని మార్చాలంటే పేరున్న మెథడ్ ద్వారానే పోవాలి.

చెల్లింపు దగ్గర జరిగింది కొంచెం వివరంగా చెప్పాలి. రైతుకు డబ్బు ఇచ్చినప్పుడు రెండు టేబుళ్లలో రాయాలి. చెల్లింపుల టేబుల్‌లో కొత్త వరుస, లాటుల టేబుల్‌లో చెల్లింపు తేదీ. కంట్రోలర్‌లో ఒకదాని కింద ఒకటి సేవ్ చేశాను. మండీ సర్వర్ అంటే గుమాస్తా బల్ల కింద ఉండే కంప్యూటరే. దాని యూపీఎస్ బ్యాటరీ పేరుకు మాత్రమే ఉంది. ఒక మధ్యాహ్నం కరెంటు పోయిన తరుణం సరిగ్గా ఆ రెండు సేవ్‌ల మధ్య పడింది. చెల్లింపు నమోదైంది, లాటు మాత్రం బాకీగానే మిగిలింది. మరుసటి రోజు బాకీల జాబితా చూసి ఆ రైతుకు మళ్లీ డబ్బు లెక్కపెట్టబోయారు. ఆయనే "నిన్న ఇచ్చినారు కదా" అని ఆపాడు.

రెండు రాతలనూ ట్రాన్సాక్షన్‌లో చుట్టి, లాటు మోడల్‌లో 'చెల్లించు' అనే మెథడ్‌గా మార్చాను. రెండూ జరగాలి లేదా ఒక్కటీ జరగకూడదు. నమ్మకం కుదరక, రెండు రాతల మధ్య కావాలని ఒక ఎక్సెప్షన్ (పనిని అక్కడే ఆపేసే లోపం) పెట్టి నడిపి చూశాను. మొదటి రాత వెనక్కి పోలేదు. చెల్లింపుల టేబుల్‌లో కొత్త వరుస అలాగే కూర్చుని ఉంది. కోడ్‌ను ఒక సాయంత్రమంతా తిరగేశాను, తప్పు దొరకలేదు. తప్పు కోడ్‌లో లేదు. ఆ టేబుల్‌ను మండీవారి పాత సాఫ్ట్‌వేర్ నుంచి యథాతథంగా తెచ్చుకున్నాను, అది మైఐసామ్ ఇంజిన్‌లో ఉంది. ఇంజిన్ అంటే మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ టేబుల్‌ను దాచే పద్ధతి. మైఐసామ్‌కు ట్రాన్సాక్షన్ అంటే తెలియదు. ఉందని నువ్వు అనుకున్నా కాదనదు, లోపమూ చూపదు, ఊరికే రాసేస్తుంది. మైఎస్‌క్యూఎల్ 5.5 నుంచి, అంటే 2010 నుంచి, వేరుగా చెప్పకపోతే కొత్త టేబుళ్లు ట్రాన్సాక్షన్ తెలిసిన ఇన్నోడీబీ ఇంజిన్‌లోనే తయారవుతాయి కానీ పాతవి వాటంతట అవి మారవు. ఒక్క ఆల్టర్ ఆదేశంతో మార్చాక, అదే ఎక్సెప్షన్ పెట్టి మళ్లీ నడిపితే మొదటి రాత వెనక్కి పోయింది. పాత డేటాబేస్ నుంచి టేబుళ్లు తెచ్చుకున్నవారు ఇది చదివి వాటి ఇంజిన్ ఏదో ఈరోజే చూసుకోమని నా మనవి. కొత్త బ్యాటరీ కూడా కొనిపించాను.

మధ్యలో ఒక ఏడాది నేను దీనికి విరుద్ధమైన తప్పు కూడా చేశాను. కంట్రోలర్ మోడల్‌ను నేరుగా ముట్టుకోకూడదని, రెండింటి మధ్య రిపాజిటరీ అనే పొర ఉండాలని ఎక్కడో చదివి, పదకొండు మోడళ్లకు పదకొండు రిపాజిటరీలు రాశాను. ఒక్కోదానిలో నాలుగైదు మెథడ్‌లు. ప్రతి మెథడ్ మోడల్‌లోని అదే పేరున్న మెథడ్‌ను పిలిచి, వచ్చింది వచ్చినట్టు తిరిగి ఇస్తుంది. ఒక కొత్త కాలమ్‌తో వెతకాలంటే మూడు ఫైళ్లు తెరవాలి. డేటాబేస్‌ను ఎప్పుడైనా మార్చుకోవచ్చన్నది దానికి చెప్పే సమర్థన. మండీ డేటాబేస్ మారలేదు, మారే సూచనా లేదు. ఆ పొరకు తగిన చోట్లు ఉంటాయి, వ్యాపార వస్తువును డేటాబేస్ నుంచి పూర్తిగా విడదీసే డేటా మ్యాపర్ పద్ధతిలో అది సహజంగా ఇముడుతుంది. లారావెల్ మోడల్ మాత్రం తన వరుసను తనే సేవ్ చేసుకునే యాక్టివ్ రికార్డ్ రకం. దానిపైన వేసిన పల్చటి రిపాజిటరీ చలికాలంలో కప్పుకున్న దోమతెర వంటిది. తీసేశాను. ఒక్క మెసేజ్‌లు పంపే పనికి మాత్రం, అందులో లాటు, రైతు, బయటి సేవ మూడూ కలుస్తాయి కాబట్టి, విడిగా ఒక సర్వీస్ క్లాస్ ఉంచాను. కంట్రోలర్ దాన్ని కన్‌స్ట్రక్టర్‌లో అడుగుతుంది, టెస్టులో దాని బదులు ఉత్తుత్తి దాన్ని పెడతాను.

టెస్టుల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. లెక్క కంట్రోలర్‌లో ఉన్నప్పుడు దాన్ని పరీక్షించాలంటే లాగిన్ అయి, ఫామ్ నింపి, చీటీ పేజీ తెచ్చి, అందులో సంఖ్యను వెతకాలి. మోడల్‌లో ఉన్నప్పుడు ఒక లాటును తయారుచేసి, మొత్తం తూకం 3,465, సూటు 50 అని ఇచ్చి, నికర తూకం 3,292 అవునా అని అడిగితే చాలు. కుర్రాడు ఆ టెస్టు చూసి, "వెయ్యో, రెండు వేలో గుండుగా పెట్టకుండా ఇదేం లెక్కన్నా?" అన్నాడు. నార్పల పెద్దాయన సంగతి చెప్పాను.

ఇన్ని చెప్పిన నా కోడ్‌లో ఇప్పటికీ ఒక కంట్రోలర్ ఏ మోడల్‌నూ అడగకుండా నేరుగా డేటాబేస్‌తో మాట్లాడుతోంది. ఏడాది చివర, మార్చి నెలాఖరులో, యజమాని అడిగే నివేదిక అది: నెలవారీగా, కొనుగోలుదారువారీగా ఎన్ని టన్నులు, ఎంత సొమ్ము. డేటాబేస్‌ను నేరుగా అడిగే భాష అయిన ఎస్‌క్యూఎల్‌లో అరవై వరుసలు. మోడళ్ల ద్వారా తేవాలంటే ఏడాది లాటులన్నింటినీ మెమరీలోకి ఎక్కించి, అక్కడ కూడుకోవాలి. డేటాబేస్ అదే పనిని తన చోటునే చేసి, కొద్ది వరుసలు మాత్రం చేతికిస్తుంది. దాన్ని మార్చాలని రెండుసార్లు కూర్చున్నాను, రెండుసార్లూ అలాగే వదిలి లేచాను. ఆ నివేదిక దేన్నీ మార్చదు, సూటునూ లెక్కకట్టదు. ధర తెగిన రోజు ముద్రపడిన నికర తూకాలనే కూడుతుంది.